రైఫిల్‌కెంత, స్కోప్‌కెంత? దూరపు గురికి బడ్జెట్ వేసుకునే పద్ధతి: కర్నూలు, అనంతపురం, కడప షూటర్లకు సమగ్ర మార్గదర్శి

తుపాకీల దుకాణంలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఉన్న డబ్బులో రైఫిల్‌కెంత, దాని మీద అమర్చే దుర్భిణి, అంటే స్కోప్‌కెంత? సగం సగం అని ఒకరంటారు, రైఫిల్ కంటే అద్దానికే ఎక్కువ పెట్టమని ఇంకొకరంటారు. రెండు మాటలూ కోరుకున్న రైఫిల్ కోరుకున్నట్టు దొరికే దేశాల నుంచి వచ్చినవి. మన దగ్గర రైఫిల్ ఎంపికను ముందు చట్టం నిర్ణయిస్తుంది. స్కోప్ పెద్దది చేసుకుంటే ఎంత లాభమో సీమ ఎండ నిర్ణయిస్తుంది. ఇక మూడో పద్దు ఒకటుంది. మౌంట్ (స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే బిగింపు), పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్‌లో వేసే సీసపు గుళ్ళు), పంపు, రేంజ్‌కు రానూపోనూ ఖర్చు అన్నీ అందులోకే వస్తాయి. లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ ఈ పద్దు దగ్గరే. కాబట్టి డబ్బును రెండు వాటాలు కాదు, మూడు వాటాలు చేయాలి. ఏ వాటా ఎంతో తేలడానికి కింది క్రమంలో వెళ్ళండి.

1. ఏ ఆట ఆడతారో ముందు తేల్చుకోండి

ఒలింపిక్స్ తరహా పోటీలు మీ లక్ష్యమైతే స్కోప్ పద్దులో సున్నా వేయండి. 10 మీటర్లు, 50 మీటర్లు, 300 మీటర్లు, ఏ ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రైఫిల్ పోటీలోనూ టెలిస్కోప్ అమర్చిన రైఫిల్‌ను రానివ్వరు. వెనక చిన్న రంధ్రం, ముందు వలయం ఉండే పీప్ సైటుతోనే కాల్చాలి. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. దాన్నీ పీప్ సైటుతోనే కొట్టాలి. ఆ దారిలో వెళ్ళేవారు స్కోప్ డబ్బును మ్యాచ్ రైఫిల్, జాకెట్, కోచింగ్ మీద పెట్టడం మేలు. స్కోప్ కొని ఆరు నెలల తర్వాత ఈ సంగతి తెలుసుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

బెంచ్ మీద నుంచి గానీ, పడుకుని బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండు) మీద గానీ 50, 100 మీటర్ల కాగితపు టార్గెట్‌ను స్కోప్‌తో కొట్టడమే మీ సరదా అయితే ఈ మార్గదర్శి మీకోసమే. గురి ప్రమాణంగా ఒక కొలత దగ్గర పెట్టుకోండి: 50 మీటర్ల ఐ.ఎస్.ఎస్.ఎఫ్. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 10.4 మి.మీ. ఎయిర్ రైఫిల్‌తో 50 మీటర్లలో పది షాట్లు 20-25 మి.మీ. గుంపులో పడితే మీ సామగ్రి బాగున్నట్టే.

2. చట్టం మీ చేతికి ఏ రైఫిల్ ఇస్తుందో చూడండి

2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.177 అంగుళం, అంటే 4.5 మి.మీ. మించకుండా, గొట్టం మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండు షరతులూ కలిసే ఉండాలి. 5.5 మి.మీ. పెల్లెట్ గాలికి బాగా నిలుస్తుందని విని ఆ బోరు కొనబోతే అది లైసెన్సు వ్యవహారం అవుతుంది. 20 జౌల్స్‌కు లోబడి అమ్మిన దాన్ని స్ప్రింగ్ మార్చో, వాల్వు మార్చో ఆ పైకి తీసుకెళ్ళినా అంతే. కొనేటప్పుడు గుర్తింపు కార్డు నకలు ఇచ్చి జి.ఎస్.టి. బిల్లు తీసుకోండి. ప్రయాణంలో ఆ బిల్లు రైఫిల్ కేసులోనే ఉండాలి.

మందుగుండుతో పేలే రైఫిల్ అయితే .22 అయినా, పెద్ద బోరు అయినా లైసెన్సు తప్పదు. మన మూడు జిల్లాల్లో ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారుకు రెండు తుపాకులే పరిమితి. లైసెన్సు గడువు ఐదేళ్ళు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు ఆయుధాలను స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు, మన సీమలో ఆ విషయంలో అధికారులు మరీ పట్టుగా ఉంటారు. అలా డిపాజిట్‌లో ఉన్న కాలమంతా సాధన ఆగుతుందని ముందే లెక్కలో వేసుకోండి. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్ చాలా ఇళ్ళలో ఉంది గానీ, దూరపు టార్గెట్ కోసం దాని మీద ఖరీదైన స్కోప్ పెట్టడం అర్ధణా కోడికి ముప్పావలా దిగదుడుపే. మందుగుండు దొరకడమూ కష్టం, స్కోప్ కూర్చోబెట్టడమూ కష్టం.

అందువల్ల ఇక్కడ నూటికి తొంభై మందికి దూరపు గురి అంటే .177 ఎయిర్ రైఫిల్‌తో 50 మీటర్లు, చేయి తిరిగాక 100 మీటర్లు. మిగతా లెక్కంతా దానికే వేస్తున్నాం.

3. ఆ దూరంలో పెల్లెట్ ఏం చేస్తుందో అంకెల్లో చూడండి

స్కోప్‌కు ఎంత పెట్టాలన్నది ఈ అంకెల్లోంచే వస్తుంది. 8.44 గ్రెయిన్ల (0.547 గ్రాముల) పెల్లెట్ సెకనుకు 244 మీటర్ల వేగంతో బయల్దేరితే శక్తి సుమారు 16 జౌల్స్. స్కోప్ మధ్యరేఖ గొట్టానికి 4.5 సెం.మీ. ఎత్తున ఉండి, 25 మీటర్లకు జీరో చేసి (గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా సర్ది) ఉంటే:

50 మీటర్ల దగ్గర పెల్లెట్ సుమారు 10 సెం.మీ. కిందకి పడుతుంది. అంటే 2 మిల్. 100 మీటర్లకు ఇంచుమించు 90 సెం.మీ. పైనే కిందకి పోతుంది, 9 మిల్ దాటి. మిల్ అంటే 100 మీటర్లలో 10 సెం.మీ., 50 మీటర్లలో 5 సెం.మీ. ఎం.ఓ.ఏ. (డిగ్రీలో అరవయ్యో వంతు) కొలతలో చెప్పే స్కోపయితే ఒక ఎం.ఓ.ఏ. 100 మీటర్లలో 29 మి.మీ., ఒక మిల్ సుమారు 3.44 ఎం.ఓ.ఏ.

గాలి సంగతి ఇంకా ఘోరం. సెకనుకు 3 మీటర్ల అడ్డగాలి ఒంటికి హాయిగా తగులుతుంది, అంతే. అదే గాలి 50 మీటర్లలో పెల్లెట్‌ను సుమారు 9 సెం.మీ. పక్కకు నెడుతుంది. 100 మీటర్లలో 40 సెం.మీ. కడవకల్లు చుట్టుపక్కల కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో అనంతపురం జిల్లాలో 100 మీటర్ల టార్గెట్ పెట్టుకుని స్కోప్‌ను తిట్టుకోవడం అన్యాయం.

ఈ అంకెల నుంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, స్కోప్ పని దూరాన్ని దగ్గరగా చూపడం కంటే, దాని చక్రం తిప్పినంత కచ్చితంగా గురి కదిలి మళ్ళీ అదే చోటికి రావడం. రెండు, పెల్లెట్ వేగం నిలకడగా లేని రైఫిల్‌ను ఏ అద్దమూ కాపాడదు. వేగం సెకనుకు 10 మీటర్లు తగ్గితే 50 మీటర్లలో పెల్లెట్ 2 సెం.మీ. పైగా కిందకి పడుతుంది. అంటే మీరు అనుకున్న గ్రూపు (షాట్లు పడిన గుంపు వెడల్పు) మొత్తం దానికే పోయింది.

4. రైఫిల్‌లో డబ్బు ఎక్కడ పనిచేస్తుంది

స్ప్రింగ్ రైఫిల్, పి.సి.పి. (సిలిండర్‌లో ముందే గాలి నింపి పెట్టుకునే రైఫిల్) అని రెండు దారులు. స్ప్రింగ్ దాంట్లో కొనుగోలు తక్కువ, పంపు అక్కర్లేదు. కానీ పిస్టన్ ముందుకు కొట్టుకున్నప్పుడు రైఫిల్ వెనక్కి, మళ్ళీ ముందుకు, రెండు వైపులా అదురుతుంది. పట్టు ప్రతిసారీ ఒకేలా, వదులుగా ఉండాలి. ముందు చేతికి తగిలే చోటు అంగుళం మారినా గ్రూపు మారుతుంది. బైపాడ్ మీద, గట్టి బెంచ్ మీద నేరుగా పెడితే ఎగిరిపడి గురి తప్పుతుంది. దీనితో 50 మీటర్ల గ్రూపు సాధించడానికి సాధన చాలా కావాలి. 25-30 మీటర్లకు హాయిగా సరిపోతుంది.

50 మీటర్లు, ఆ పైన అయితే పి.సి.పి. వైపు వెళ్ళండి. అందులో డబ్బు పెట్టాల్సిన క్రమం ఇది: ముందు గొట్టం, తర్వాత రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడితో గాలి అందించేది), తర్వాత ట్రిగ్గర్. చెక్క బట్టు, నల్ల ఫినిషింగ్, మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయన్నవి చివర. రెగ్యులేటర్ లేని రైఫిల్‌లో సిలిండర్ ఒత్తిడి దిగేకొద్దీ వేగం మొదట పెరిగి, తర్వాత పడిపోతుంది. పది షాట్లలోనే సెకనుకు 8-10 మీటర్ల తేడా రావచ్చు. మంచి రెగ్యులేటర్ ఆ తేడాను 3 మీటర్ల లోపుకు తెస్తుంది. అంటే 50 మీటర్లలో నిలువు చెదురు 6-7 మి.మీ.కు తగ్గినట్టు. ఇంత మేలు స్కోప్‌లో పదివేలు అదనంగా పెట్టినా రాదు. ప్రెసిహోల్ లాంటి దేశీయ కంపెనీల రైఫిళ్ళు చూసేటప్పుడు మొదట అడగాల్సిన మాట రెగ్యులేటర్ ఉందా అని, తర్వాత స్పేర్ ఓ-రింగులు (గాలి ఓడకుండా ఆపే రబ్బరు వలయాలు) దొరుకుతాయా అని. కర్నూల్లో ఓ-రింగు పోయి హైదరాబాద్ దాకా పార్శిల్ పంపితే నెల గడిచిపోతుంది.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి, పది షాట్లు కాల్చి రాసుకోండి. అన్నిటికన్నా ఎక్కువ వేగానికీ తక్కువ వేగానికీ తేడా సెకనుకు 5 మీటర్లు దాటితే రైఫిల్‌లోనో పెల్లెట్‌లోనో లోపముంది.

5. స్కోప్‌లో దేనికి డబ్బివ్వాలి, దేనికి ఇవ్వకూడదు

మాగ్నిఫికేషన్ అంకెకు డబ్బివ్వకండి. 6-24 స్కోప్ (6 నుంచి 24 రెట్ల దాకా పెద్దగా చూపేది) చూడ్డానికి బావుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా కర్నూల్లో ఉదయం తొమ్మిది దాటాక 15 రెట్లు మించి పెంచితే సెగకు టార్గెట్ నీళ్ళలో బొమ్మలా ఆడుతుంది. ఆ ఆట కూడా పెరిగి కనబడుతుంది కదా. పైగా 50 మి.మీ. అద్దాన్ని 24 రెట్లకు పెడితే కంటికి వచ్చే వెలుగు గుండ్రం 2 మి.మీ. (అద్దం వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగించండి). తెల్లవారుజామున అది మసకగా ఉంటుంది, తలకాయ కొంచెం కదిలినా నల్లబడుతుంది. 4-16 సరిపోతుంది. చవక 6-24 కంటే మంచి 4-16 మేలు.

డబ్బివ్వాల్సిన మొదటిది పారలాక్స్ సర్దుబాటు. కన్ను పక్కకు జరిగితే గురి గీత కూడా టార్గెట్ మీద జరగడమే పారలాక్స్. తుపాకీల కోసం చేసిన చాలా స్కోపుల పారలాక్స్ 100 మీటర్లకో గజాలకో బిగించి ఉంటుంది. 44 మి.మీ. అద్దమున్న అలాంటి స్కోప్‌ను 50 మీటర్లకు వాడితే, కన్ను సరిగ్గా మధ్యలో లేనప్పుడు తప్పు 11 మి.మీ. దాకా రావచ్చు. 25 మీటర్లకు 16 మి.మీ. పైనే. లెక్క తేలికే: అద్దం వ్యాసంలో సగాన్ని, రెండు దూరాల మధ్య తేడాతో గుణించి, బిగించిన దూరంతో భాగించాలి. పక్క చక్రం తిప్పి 10 గజాల నుంచి దూరం దాకా సర్దుకునే స్కోప్ ఈ బాధ తీరుస్తుంది. చక్రం మీద రాసిన అంకెను గుడ్డిగా నమ్మకండి. తలను ఎడమకూ కుడికీ ఆడించి చూడండి, రెటికిల్ (స్కోప్ లోపలి గురి గీతలు) టార్గెట్ మీద కదలకపోతే సరిపోయినట్టు.

రెండోది టరెట్ల (గురిని పైకీ పక్కకూ క్లిక్కు క్లిక్కుగా సర్దే చక్రాల) నిజాయితీ. 0.1 మిల్ క్లిక్కు 50 మీటర్లలో 5 మి.మీ., పావు ఎం.ఓ.ఏ. క్లిక్కు 3.6 మి.మీ. రెండూ పెల్లెట్ వ్యాసం చుట్టుపక్కలే కాబట్టి ఏదైనా ఫర్వాలేదు. కానీ రెటికిల్ మిల్‌లో ఉంటే టరెట్ కూడా మిల్‌లోనే ఉండాలి. ఒకటి మిల్, ఇంకొకటి ఎం.ఓ.ఏ. ఉన్నవి చవకగా అంటగడతారు, తీసుకోకండి.

మూడోది రెటికిల్ ఏ తలంలో ఉందన్నది. మొదటి ఫోకల్ తలంలో ఉంటే ఏ మాగ్నిఫికేషన్‌లోనైనా గీతల కొలత నిజం. రెండో తలంలో ఉంటే ఒక్క మాగ్నిఫికేషన్‌లోనే నిజం, సాధారణంగా గరిష్ఠం దగ్గర. సెగ వల్ల 10 రెట్లకు దించి కాల్చే మనకు మొదటి తలం స్కోప్ నిజంగా ఉపయోగం. అయినా టరెట్ తిప్పి కాల్చే అలవాటుంటే రెండో తలం కూడా చాలు, దాంతో కొంత డబ్బు మిగులుతుంది.

స్ప్రింగ్ రైఫిల్‌కు కొనేవారికి ఒకే షరతు: స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కు పనికొస్తుందని తయారీదారు రాసి ఇచ్చిన స్కోప్ మాత్రమే. మామూలు తుపాకీ వెనక్కే తన్నుతుంది. స్ప్రింగ్‌ది రెండో అదురు ముందుకు. దానికి తట్టుకునేలా చేయని స్కోప్‌లో లోపలి అద్దాలు, రెటికిల్ సడలుతాయి. ఖరీదైనదైనా అంతే.

విదేశీ వెబ్‌సైట్ నుంచి చవకగా తెప్పించుకోవాలన్న ఆశ మానుకోండి. కస్టమ్స్‌లో ఆగితే విడిపించుకోవడం మీ వల్ల కాదు, వారంటీ కూడా ఉండదు. దేశంలో బిల్లుతో కొన్నది కొంచెం ఎక్కువైనా నయం.

6. మూడో పద్దు: ఎవరూ రాయని ఖర్చులు

మౌంట్. మన ఎయిర్ రైఫిళ్ళ మీద ఎక్కువగా 11 మి.మీ. డవ్‌టెయిల్ (వాలు అంచుల గాడి), కొన్నిటికి పికటిన్ని రైలు (అడ్డగాళ్ళు ఉన్న పట్టీ). కొనేముందు ఏదో చూసుకోండి. 100 మీటర్లు కొట్టాలంటే పైకి 9 మిల్ పైన, అంటే 32 ఎం.ఓ.ఏ. కావాలి. స్కోప్ మొత్తం కదలిక 60 ఎం.ఓ.ఏ. అయితే మధ్య నుంచి పైకి దొరికేది 30 మాత్రమే. గొట్టం కాస్త కిందకి వాలి ఉందంటే, విరిచి నింపే స్ప్రింగ్ రైఫిళ్ళలో అది మామూలే, ఇంకా తగ్గుతుంది. అప్పుడు 20 ఎం.ఓ.ఏ. వాలు ఉన్న బేస్ లేదా ఎత్తు సర్దుకునే మౌంట్ కావాలి. స్ప్రింగ్ రైఫిల్‌కు కదలకుండా ఆపే పిన్ను ఉన్న ఒకే ముక్క మౌంట్ తీసుకోండి. లేకపోతే వంద షాట్లకు స్కోప్ వెనక్కి జరిగి, ప్రతిరోజూ జీరో చేసుకుంటూ కూర్చోవాలి.

నీటిబుడగ లెవెల్. రైఫిల్ 3 డిగ్రీలు పక్కకు వంగితే 50 మీటర్లలో 1.4 సెం.మీ., 100 మీటర్లలో దాదాపు 7 సెం.మీ. పక్కకు పోతుంది. మూడు డిగ్రీలు వంగినట్టు కంటికి తెలియదు. బడ్జెట్ మొత్తంలో పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితమిచ్చే వస్తువు ఇదే.

పెల్లెట్లు. జె.ఎస్.బి., హెచ్ అండ్ ఎన్ లాంటి విదేశీ రకాలు మంచివే గానీ ధర ఎక్కువ, ఒకోసారి నెలల తరబడి దొరకవు. నాలుగు రకాలు ఒక్కో డబ్బా తెచ్చి, 8.4 గ్రెయిన్ల నుంచి 10.3 గ్రెయిన్ల దాకా, 50 మీటర్లలో ఒక్కోదానితో పదేసి షాట్ల మూడు గ్రూపులు తీయండి. ఏది నచ్చిందో గొట్టమే చెబుతుంది. ఆ రకం, అదే బ్యాచ్ నంబరు, ఏడాదికి సరిపడా ఒకేసారి కొనండి. వారానికి 100 షాట్లంటే ఏడాదికి 5,000 దాటుతుంది. డబ్బా 500 ఉంటే పదికి పైగా డబ్బాలు. ఈ పద్దు విడిగా తీసి పెట్టకపోతే, ఖరీదైన రైఫిల్ అటక మీదకెక్కుతుంది.

పంపు. చేతిపంపుతో పి.సి.పి. నింపడం మంచి వ్యాయామం. కొన్ని పదుల కొట్లు కొట్టాక ఐదు నిమిషాలు ఆపండి, వేడెక్కితే సీళ్ళు పాడవుతాయి, లోపల తేమ చేరుతుంది.

బెంచ్. దీనికి డబ్బు పెట్టొద్దు. ఇటుక దిమ్మెలు రెండు, వాటి మీద నాలుగడుగుల కడప బండ. ఇంత కదలని బెంచ్ ఏ కంపెనీ అమ్మదు. దాని మీద ఇసుక నింపిన పాత జీన్స్ కాలు ముందు, చిన్న సంచి వెనక.

కానీ అదే బండను టార్గెట్ వెనక పెట్టొద్దు. సీసపు పెల్లెట్ గట్టి రాతికి తగిలితే ఎటు తిరిగొస్తుందో చెప్పలేం. వెనక పెద్ద మట్టిగట్టు ఉండాలి, టార్గెట్ దగ్గర ఇనుప పెట్టెలో పాత బట్టలు కూరాలి. .177 పెల్లెట్ మూడు వందల మీటర్లు దాటి పోగలదు. పొలంలో కాలుస్తుంటే గట్టు వెనక గొర్రెలు మేపేవాళ్ళు లేరని నడిచి వెళ్ళి చూసి రండి. కళ్ళద్దాలు తప్పనిసరి. పావురం, కౌజు, కుందేలు ఏదైనా సరే, వాటి వైపు గురి పెట్టే పని లేదు. 1972 వన్యప్రాణి చట్టం ఎయిర్‌గన్‌కు మినహాయింపు ఇవ్వదు. బట్టమేక పక్షి కోసం రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టిన నేల ఇది.

ప్రయాణం. 50 మీటర్ల సరైన రేంజ్ మీద కాల్చాలంటే కర్నూలు వాళ్ళకు హైదరాబాద్, అనంతపురం వాళ్ళకు బెంగళూరు దగ్గర. రెండూ 44వ జాతీయ రహదారి మీదే, రెండూ ఇంచుమించు రెండొందల పది కిలోమీటర్లు. కడప వాళ్ళకు బెంగళూరైనా చెన్నై అయినా 250 దాటుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని గచ్చిబౌలి రేంజ్ లాంటి చోట్లకు నెలకొకసారి పోయి రావడానికి ఏడాదికి ఎంతవుతుందో, రేంజ్ ఫీజుతో సహా, కాగితం మీద వేయండి. పోలీసు బెటాలియన్ల రేంజ్‌లు మీకు తెరుస్తారని లెక్కలో వేసుకోకండి.

7. ఇప్పుడు వాటాలు

కింది అంకెలు మీ బడ్జెట్ ఎలా విడగొట్టాలో చూపించడానికి, మార్కెట్ ధరలుగా కాదు.

చేతిలో లక్ష రూపాయలు, 50 మీటర్ల పి.సి.పి. లక్ష్యం అనుకుందాం. రెగ్యులేటర్ ఉన్న రైఫిల్‌కు 42 వేలు, స్కోప్‌కు 22 వేలు, మౌంటు, లెవెల్‌కు 4 వేలు, పంపుకు 9 వేలు, మొదటి ఏడాది పెల్లెట్లకు 10 వేలు, కేసు, టార్గెట్లు, సంచులు, చిన్న పనిముట్లకు 5 వేలు, ప్రయాణానికి 8 వేలు. అంటే స్కోప్ వాటా రైఫిల్‌లో సగానికి కాస్త ఎక్కువ. అంతకన్నా పెంచాలనిపిస్తే రైఫిల్ నుంచి తీయకండి, అసలే తీయకూడని చోటు పెల్లెట్లు. స్కోప్ కొనుగోలే మూడు నెలలు వాయిదా వేయండి.

40 వేలతో స్ప్రింగ్ రైఫిల్ అయితే: రైఫిల్ 18, స్కోప్ 10, మౌంట్ రెండున్నర, పెల్లెట్లు 6, మిగతావి మూడున్నర వేలు. ఇక్కడ స్కోప్ 4-12 చాలు. 50 మీటర్ల ఆశ ఎక్కువ పెట్టుకోకండి.

100 మీటర్లు లక్ష్యమైతే స్కోప్ వాటా పెరుగుతుంది, ఎందుకంటే 9 మిల్ తిప్పి వెనక్కి రావాలి. రైఫిల్‌కు మూడింట రెండు వంతులకు సమానంగా స్కోప్‌కు పెట్టవచ్చు. లైసెన్సు ఉండి, .22 మ్యాచ్ రైఫిల్‌తో అనుమతి ఉన్న రేంజ్‌లో 100 మీటర్లు ఆపైన కాల్చేవారికి మాత్రమే విదేశీయుల సగం-సగం సూత్రం వర్తిస్తుంది. 50 మీటర్లకు జీరో చేసిన మామూలు .22 గుండు 100 మీటర్లకు సుమారు 18 సెం.మీ., 200 మీటర్లకు మీటరు దాటి కిందకి పడుతుంది కాబట్టి టరెట్‌తో పని అక్కడే ఎక్కువ.

ఏం చేసినా మూడో పద్దు మొత్తంలో 30 శాతం నుంచి కిందకి దిగనివ్వకండి.

8. అమర్చి, డబ్బు వృథా కాలేదని పరీక్షించండి

రింగుల కింది సగాలు బిగించి, స్కోప్ పెట్టి, మీరు కాల్చే భంగిమలోనే అంచులు నల్లబడకుండా పూర్తి వృత్తం కనిపించే చోటికి ముందుకీ వెనక్కీ జరపండి. మాగ్నిఫికేషన్ గరిష్ఠంలో పెట్టే ఈ పని చేయాలి. టార్గెట్ దగ్గర దారానికి రాయి కట్టి వేలాడదీయండి. రైఫిల్‌ను లెవెల్ చేసి, రెటికిల్ నిలువు గీత ఆ దారంతో కలిసేలా తిప్పండి. పైమూత స్క్రూలను కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించాలి. రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. బలం 1.7 నుంచి 2 న్యూటన్-మీటర్లు, అంటే 15-18 ఇంచ్-పౌండ్లు. రింగు కంపెనీ వేరే అంకె చెప్పితే అదే పాటించండి. చేతి బలంతో కుమ్మేస్తే గొట్టం నొక్కుకుపోయి, మాగ్నిఫికేషన్ రింగు, పారలాక్స్ చక్రం పట్టేస్తాయి. చాలామంది దాన్ని స్కోప్ లోపమనుకుంటారు.

టరెట్ పరీక్షకు పెల్లెట్ ఒక్కటీ ఖర్చు కాదు. 25 మీటర్ల దూరంలో నిలువుగా సెంటీమీటరు గీతలు వేసిన పొడవాటి కాగితం అతికించండి. రైఫిల్‌ను బెంచ్ మీద ఇసుక సంచుల మధ్య కదలకుండా ఇరికించండి. రెటికిల్ మధ్యను పై గీతల్లో ఒకదాని మీద పెట్టి, పారలాక్స్ సర్ది, టరెట్‌ను 10 మిల్ పైకి తిప్పండి. టరెట్ పైకి తిప్పితే రెటికిల్ కాగితం మీద కిందికి దిగుతుంది. సరిగ్గా 25 సెం.మీ. దిగాలి. 24 దిగితే 4 శాతం తప్పు. ఆ తప్పుతో 100 మీటర్ల దగ్గర దాదాపు 4 సెం.మీ. తేడా. తప్పు ఉన్నా ప్రతిసారీ అంతే ఉంటే రాసుకుని సరిదిద్దుకోవచ్చు. కానీ వెనక్కి తిప్పినప్పుడు మొదటి గీత మీదకు రాకపోతే, ఐదారుసార్లు తిప్పినా అదే తీరైతే, ఆ స్కోప్‌ను వారంటీలో వెనక్కి ఇచ్చేయండి. కొన్న వారంలోనే ఈ పరీక్ష చేయమనేది అందుకే.

తర్వాత 10 మీటర్లలో కాగితం మీదకు తెచ్చి, 25 మీటర్లలో ఐదేసి షాట్లతో జీరో చేయండి. 50 మీటర్లలో పదేసి షాట్ల గ్రూపులు తెల్లవారుజామున, గాలి లేవకముందు తీయాలి. టార్గెట్ దాకా పది మీటర్లకొక పుల్లకు పాత చీర అంచు చింపి కట్టండి, గాలి ఎటుందో చెబుతుంది.

ఏం చెడుతుంది, ఎందుకు

గ్రూపు నిలువుగా పొడుగ్గా వస్తుంటే వేగం తేడా: సిలిండర్ ఒత్తిడి, రెగ్యులేటర్, పెల్లెట్ బరువు ఆ వరుసలో చూడండి. అడ్డంగా పొడుగైతే గాలి, లేదా రైఫిల్ వంపు. గుంపులు రెండు విడివిడిగా పడుతుంటే మౌంట్ స్క్రూ సడలింది, లేదా స్కోప్ లోపల ఏదో ఊగుతోంది. వేరే మంచి స్కోప్ ఒకటి అడిగి తెచ్చి మార్చి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. జీరో రోజుకొక చోట ఉంటే ముందు మౌంట్, తర్వాతే మిగతావి.

మధ్యాహ్నం కారులో పి.సి.పి. వదలకండి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపింది 55 డిగ్రీలకు చేరితే 220 బార్ అవుతుంది. కంపెనీ చెప్పిన గరిష్ఠం దాటుతుంది, సీళ్ళు ఓడతాయి. వేసవిలో ఎండలో పెట్టబోయే రైఫిల్‌ను గరిష్ఠానికి పది శాతం తక్కువ నింపండి.

నల్లరేగడి దుమ్ము అద్దం మీద పడ్డప్పుడు కండువాతో తుడిస్తే పూత గీతలు పడుతుంది. ముందు రబ్బరు బుడ్డితో ఊది, మెత్తని కుంచెతో దులిపి, ఆ తర్వాతే లెన్సు గుడ్డ.

స్కోప్ మార్చాలా, రైఫిల్ మార్చాలా అన్న ప్రశ్న ఏడాది తర్వాత వస్తుంది. గాలి లేని పొద్దున, ఒకే బ్యాచ్ పెల్లెట్‌తో తీసిన పదేసి షాట్ల ఐదు గ్రూపుల సగటు చూడండి. ఆ సగటు 25 మి.మీ. లోపు ఉండి, 100 మీటర్లకు తిప్పినప్పుడు మాత్రమే గురి తప్పుతుంటే స్కోప్ మార్చండి. 50 మీటర్లలోనే 40 దాటుతుంటే, ముందు పెల్లెట్ రకం మార్చి చూసి, అప్పటికీ తగ్గకపోతే గొట్టం శుభ్రం చేయించి, ఆ తర్వాతే కొత్త రైఫిల్ మాట ఎత్తండి.